బలం సరే, ఉప్పు సంగతేమిటి?

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న వీధుల్లో పాత అపార్ట్‌మెంట్ల బాల్కనీలను కింది నుంచి ఒకసారి చూడండి. పెచ్చులు ఊడి, తుప్పెక్కిన చువ్వలు పక్కటెముకల్లా బయటపడి కనిపిస్తాయి. బరువు మోయలేక పాడైన బాల్కనీలు కావవి. ఉప్పు లోపలికి దిగింది, చువ్వ తుప్పు పట్టి ఉబ్బింది, తనను కప్పి ఉంచిన కాంక్రీటునే పగలగొట్టింది.

సిమెంటులో నానో కణాల గురించి ఎక్కడ మాట వచ్చినా బలం ఎంత పెరుగుతుంది, ఖర్చు ఎంత పెరుగుతుంది అన్న లెక్కలే. ఇసుకలో ఉండే సిలికానే కంటికి కనిపించనంత సన్నని కణాలుగా చేస్తే అది నానో సిలికా. అది చేసే అసలు మేలు ఆ లెక్కలో కనిపించదు.

నీళ్లు పడగానే సిమెంటులోంచి ఇసుకనూ కంకరనూ పట్టి ఉంచే జిగురు పుడుతుంది, దాంతోపాటు సున్నమూ పుడుతుంది. గట్టిపడిన ముద్దలో దాదాపు ఐదో వంతు ఈ సున్నమే. ఇది ఎక్కువగా పేరుకునేది కంకర రాళ్ల చుట్టూ ఉండే పలచటి, గుల్ల పొరలో. ఉప్పునీటికి దారి దొరికేది కూడా అక్కడే. సిమెంటు రేణువు కంటే వందల రెట్లు చిన్నదైన సిలికా కణం ఆ సందుల్లోకి చేరుతుంది. చేరి ఊరుకోదు, అక్కడి సున్నంతో కలిసి అదే జిగురుగా మారుతుంది. దారిని మూసే పనిని శత్రువు సరుకుతోనే చేయిస్తుందన్నమాట! సిమెంటు బరువులో రెండు మూడు శాతం కలిపితే చాలు.

అభ్యంతరాలు లేకపోలేదు. ఈ కణాలు ఉండ కడతాయి, నీళ్లు ఎక్కువ అడుగుతాయి, ధరా ఎక్కువే. నిజమే. పొడికి బదులు ద్రవరూపంలో వాడితే, నీటిని తగ్గించే రసాయనం తోడైతే మొదటి రెండూ అదుపులోకి వస్తాయి. చువ్వను తుప్పు నుంచి కాపాడే సున్నాన్ని తినేస్తే ఎలా అని కొందరు ఇంజినీర్లు అడుగుతారు. రెండు మూడు శాతం సిలికా సున్నమంతా తినేయలేదు, చాలా భాగం మిగిలే ఉంటుంది.

ఇక ధర. ఇక్కడే నా కోపమంతా. మన సైట్లలో కాంక్రీటు తలరాతను తేల్చేది 15 సెంటీమీటర్ల క్యూబు. 28 రోజులు నీళ్లలో నానబెట్టి యంత్రంలో నలగ్గొడతారు, కావలసిన బలం అంకె వస్తే బిల్లు పాసవుతుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లో కవరు (చువ్వను కప్పే కాంక్రీటు) మందం, సిమెంటుకు నీటి నిష్పత్తి గురించి నిబంధనలున్నాయి, కానీ ఉప్పు ఎంత దిగుతుందో కొలిచి చూపమని కాంట్రాక్టరును అడిగేవారు అరుదు. అడగని గుణానికి అతను డబ్బు ఎందుకు పెడతాడు? 50 మిల్లీమీటర్ల కాంక్రీటు బిళ్లకు 60 వోల్టుల కరెంటు ఇచ్చి 6 గంటల్లో ఎంత విద్యుత్తు దాటిందో చూసి, ఉప్పు ఎంత సులువుగా దిగుతుందో అంచనా వేసే పరీక్ష ఎప్పటి నుంచో ఉంది. తీరప్రాంతంలో ప్రభుత్వం కట్టే ప్రతి వంతెన, పాఠశాల, ఆసుపత్రి టెండరులో దాన్ని షరతుగా పెట్టాలి. బిల్లులో కొంత భాగాన్ని ఆ ఫలితం వచ్చేదాకా ఆపాలి.