టీడీఎస్ మీటర్‌కు కనిపించని నీళ్లు

ఇంటికి వాటర్ ప్యూరిఫైయర్ కొనాలనుకోగానే, అమ్మేవాళ్లు ముందుగా బయటికి తీసేది పెన్ను సైజు టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) మీటర్. కుళాయి నీళ్లలో ముంచితే ఒక అంకె, తమ మెషీన్ నీళ్లలో ముంచితే అందులో పదో వంతు. దాంతో బేరం కుదిరిపోతుంది. మెషీన్ సంగతి అలా ఉంచండి, ఆ అంకెను నమ్మి కొనడం మీదే నాకు అభ్యంతరం.

ఆ మీటర్ నిజానికి చూసేది నీళ్ల గుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందని. దాన్నిబట్టి కరిగిన లవణాలు మొత్తం ఎన్నో అంచనా కడుతుంది. అవి ఏ లవణాలో దానికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము మించకూడదు. మీటర్ 300 (లీటరుకు మిల్లీగ్రాముల్లో) చూపిస్తున్న నీళ్లలో ఆర్సెనిక్ ఈ హద్దుకు ఐదింతలున్నా అంకె కదలదు. బ్యాక్టీరియా అయితే అసలు లెక్కలోకే రాదు. మురుగు కలిసిన నీళ్లకు 150 రావచ్చు, ఏ దోషమూ లేని బోరు నీళ్లకు 500 రావచ్చు. టీడీఎస్‌కు ఆ సంస్థ ఆరోగ్యపరమైన హద్దేమీ పెట్టలేదు. 600 లోపు ఉంటే రుచి బాగుంటుందని, 1000 దాటితే తాగబుద్ధి కాదని మాత్రమే అంటుంది.

అందుకే మెషీన్ కంటే ముందు ల్యాబ్ పరీక్ష. బోరు, బావి నీళ్లయితే ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, ఇ.కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) చూపించుకోవాలి. పైపులు బాగా పాతవైతే సీసం కూడా.

రిపోర్టు చేతికొస్తే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. క్లోరిన్ వాసన ఒక్కటే ఇబ్బందైతే యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ చాలు. ఫ్లోరైడ్, నైట్రేట్‌లను మాత్రం అది ఆపలేదు. యూవీ (అతినీలలోహిత కిరణాల) దీపం క్రిములను పనికిరాకుండా చేస్తుంది కానీ నీళ్లలోంచి దేన్నీ తీసెయ్యదు. పైగా నీళ్లు తేటగా ఉండాలి, మడ్డిగా ఉంటే ఆ రేణువుల చాటున క్రిములు తప్పించుకుంటాయి. యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్) పొర, అంటే అతి సన్నటి రంధ్రాల జల్లెడ, బ్యాక్టీరియాను వడగడుతుంది, లవణాలను వదిలేస్తుంది. మరిగిస్తే సరిపోదా అంటారు కొందరు. క్రిములకు సరిపోతుంది, నైట్రేట్‌కు కాదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో అది ఇంకా చిక్కబడుతుంది.

కరిగిన లవణాల దగ్గరే ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్, అంటే నీళ్లను ఒత్తిడితో మెంబ్రేన్ అనే పొర గుండా పంపి లవణాలను ఆపే పద్ధతి) అవసరం నిజంగా పడుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఇంట్లో నేనైనా దాన్నే పెట్టమంటాను. కానీ దానికో ఖరీదుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలో, మామూలు ఇంటి ఆర్‌ఓ ఒక లీటరు మంచినీళ్లివ్వడానికి 5 లీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బయటికి వదులుతుంది. క్రిముల సమస్య ఒక్కటే ఉన్న ఇంట్లో ఇన్ని నీళ్లు వృథా చేయడం ఎందుకో నాకు అర్థం కాదు.

కొన్నాక చాలామంది పట్టించుకోనిది మెయింటెనెన్స్. ఆర్‌ఓ మెంబ్రేన్‌ను క్లోరిన్ పాడు చేస్తుంది, అందుకే దాని ముందు కార్బన్ పెడతారు. ఆ కార్బన్ అరిగిపోయినా మార్చకపోతే మెంబ్రేన్ చప్పుడు లేకుండా దెబ్బతింటుంది. కార్బన్ బాగా పనిచేసినా ఒక చిక్కుంది. క్లోరిన్ పోయిన నీళ్లకు ఇక కాపలా ఉండదు కాబట్టి, ట్యాంకులో రోజుల తరబడి నిలవుంటే బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతుంది. యూవీ దీపమైతే మరీ మోసం. శక్తి తగ్గిపోయాక కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది, చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే దీపాన్ని మాడిపోయేదాకా ఆగకుండా, కంపెనీ చెప్పిన గడువుకే మార్చాలి. ఏడాదికోసారైనా మెషీన్‌లోంచి వచ్చిన నీళ్లను కూడా ల్యాబ్‌కు పంపాలి. మొదటి రిపోర్టు దాచుకుంటే, అప్పుడు ఎక్కువున్నది ఇప్పుడు ఎంత తగ్గిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.