అద్భుతం అంటే చాలదు, ఎక్కడో కూడా చెప్పాలి

బీతోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగంలో, సగం దాటిన కాసేపటికి, ఆర్కెస్ట్రా అంతా ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఓబో అనే ఊదే వాద్యం ఒక్కటే మిగులుతుంది. నెమ్మదిగా, ఒంటరిగా చిన్న పలుకు పలికి అదీ ఆగుతుంది. ఆ వెంటనే మళ్ళీ అందరూ విరుచుకుపడతారు. ఆ ఓబో ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. అంత గందరగోళం మధ్యలో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అనిపించేది. ఎవరితో మాట్లాడినా "ఆ చోటు అద్భుతం" అని ఊరుకునేవాణ్ణి.

సంగీతం బాగా వినే ఒక పెద్దాయన ఒకసారి అన్నారు: "అది అక్కడ కొత్తగా రాలేదండీ. ఒక్క పది సెకన్లు వెనక్కి వెళ్ళి వినండి. వయొలిన్లతో పాటు సన్నగా నడుస్తూనే ఉంది. అందరూ ఆగారు, అది ఆగలేదు, అంతే."

వెళ్ళి విన్నాను. నా దగ్గర ఆ సింఫనీ రికార్డింగులు నాలుగున్నాయి. ఒకదాంట్లో ఓబో ముందు నుంచీ స్పష్టంగా వినిపించింది. రెండింట్లో చెవులు రిక్కిస్తే దొరికింది. నాలుగోదాంట్లో ఎంత ప్రయత్నించినా దొరకలేదు, తీగ వాద్యాలు మింగేశాయి. అప్పటిదాకా ఈ నాలుగింటికీ తేడా వేగంలోనే ఉందనుకున్నాను. ఆయన మాటతో నాలుగూ నాలుగు కథలైపోయాయి. ఓబో ముందు నుంచీ వినిపించే రికార్డింగులో ఆ ఒంటరి పలుకు, గుంపులోంచి వెనకబడిన మనిషి గొంతులా ఉంటుంది. వినిపించని దాంట్లో పిడుగులా ఉంటుంది.

తోటి శ్రోతలతో మన అనుభవం పంచుకోవడం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ఆయన నాకు తీర్పు ఇవ్వలేదు. చోటు చూపించారు. ఆ చోటుకి నా కాళ్ళతో నేను వెళ్ళి, నా చెవులతో నేను విన్నాను.

మనం సాధారణంగా చెప్పుకునేది ఇలా ఉండదు. "ఒళ్ళు పులకరించింది", "మనసు నిండిపోయింది", "ఇంతకు మించింది లేదు" అంటాం. ఈ మాటల్లో అబద్ధం లేదు. కానీ అవతలి మనిషి వీటితో చేయగలిగింది ఏమీ ఉండదు, తల ఊపడం తప్ప. ఇక "ఏది బెస్ట్?" అన్న ప్రశ్న వచ్చిందంటే మాట పూర్తిగా పక్కదారి పట్టినట్టే. రికార్డింగులను పోల్చి చూసే అలవాటు పాతదే. బ్రిటన్‌లో గ్రామఫోన్ పత్రిక 1923లో మొదలైంది. ఒకే కృతికి ఉన్న రికార్డింగులను పక్కపక్కన పెట్టి చర్చించే శీర్షికను బీబీసీ రేడియో 1957 నుంచి నడుపుతోంది. అందులో ఒకే ఘట్టాన్ని ముగ్గురు నలుగురు కళాకారుల దగ్గర వరసగా వినిపిస్తారు. అసలు విందు అక్కడే ఉంది. కానీ చాలామంది చివర్లో చెప్పే విజేత పేరు రాసుకుని వెళ్ళిపోతారు. ఆ పేరు కంటే మధ్యలో వినిపించిన ఆ ముక్కలే విలువైనవని నా గట్టి నమ్మకం.

పియానిస్టు గ్లెన్ గూల్డ్ సంగతి చూడండి. బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ని ఆయన 1955లో, 22 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. మళ్ళీ 1981లో అదే స్టూడియోలో చేశారు. మొదటిది 38 నిమిషాల చిల్లర, రెండోది 51 నిమిషాలు. ఈ రెండంకెలు చూసి "కుర్రతనంలో పరుగు, పెద్దయ్యాక నడక" అని తేల్చేసేవాళ్ళు లెక్కలేనంత మంది. నేనూ చాలాకాలం అదే మాట అన్నాను.

ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. ఈ కృతిలో మొదట ఆరియా అనే మూలగీతం, ఆ తర్వాత దాన్నే మార్చి మార్చి అల్లిన వేరియేషన్లు వస్తాయి. ప్రతి వేరియేషన్ రెండు సగాలుగా ఉంటుంది, ఒక్కో సగాన్నీ రెండేసి సార్లు వాయించమని బాఖ్ రాశారు. 1955లో గూల్డ్ ఆ రిపీట్లన్నీ వదిలేశారు. 1981లో కొన్ని వేరియేషన్లలో మొదటి సగాన్ని రెండోసారి వాయించారు. అంటే ఆ అదనపు నిమిషాల్లో కొంత భాగం నెమ్మది వల్ల వచ్చింది కాదు, మళ్ళీ వాయించడం వల్ల వచ్చింది. మరి నెమ్మది ఎక్కడుంది? మొట్టమొదటి ఆరియాలో ఉంది. అక్కడ రెండుసార్లూ రిపీట్ లేదు. 1955లో అది రెండు నిమిషాల లోపే అయిపోతుంది. 1981లో మూడు నిమిషాలు దాటుతుంది. ఈ రెండూ వెంటవెంటనే వినండి. మొదటి దాంట్లో స్వరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. రెండో దాంట్లో ఒక్కో స్వరానికీ తన చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది. తర్వాతి స్వరం వస్తుందా రాదా అని మనం ఎదురుచూస్తాం. ఆయన కూనిరాగం కూడా పియానో వెనకాల సన్నగా వినిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. రెండో రికార్డింగ్ 1982 సెప్టెంబరులో విడుదలైంది. అదే నెలాఖరులో గూల్డ్‌కి పక్షవాతం వచ్చింది, అక్టోబరు 4న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 50 నిండి పది రోజులు కూడా కాలేదు. అందుకే ఆ నెమ్మదిలో అందరికీ వీడ్కోలు వినిపిస్తుంది. నాకూ వినిపిస్తుంది, చివర్లో ఆరియా తిరిగి వచ్చినప్పుడు గొంతు పట్టేస్తుంది కూడా. కానీ 1981 వసంతంలో పియానో ముందు కూర్చున్న మనిషికి ఆ అక్టోబరు సంగతి తెలియదు కదా! వీడ్కోలు నేను తెచ్చి పెట్టుకున్నది. స్వరాల మధ్య ఖాళీ ఆయన ఇచ్చింది. తోటి శ్రోతకు చెప్పేటప్పుడు ఈ రెండింటినీ వేరు చేసి చెప్పడం న్యాయం అనిపిస్తుంది. రెండూ చెప్పవచ్చు, కలిపేయకూడదు.

కలిపేస్తే ఏమవుతుందో జాయిస్ హాటో ఉదంతంలో చూశాం. ఆమె బ్రిటిష్ పియానిస్టు. అనారోగ్యంతో ఎన్నో ఏళ్ళ కిందటే కచేరీలు మానేశారు. తర్వాత ఆమె పేరు మీద, ఆమె భర్త నడిపే చిన్న సంస్థ నుంచి వందకు పైగా సీడీలు వచ్చాయి. పియానో అభిమానులు ఒకరికొకరు చెప్పుకున్నారు, విమర్శకులు మెచ్చుకున్నారు. క్యాన్సర్‌తో పోరాడుతూ మూలన కూర్చుని ఇంత సంగీతం ఇచ్చిన మహా కళాకారిణి అని ఆమెకు పేరొచ్చింది. 2006లో ఆమె చనిపోయారు. 2007 ఫిబ్రవరిలో గుట్టు బయటపడింది. సంగీతకర్త ఫ్రాంజ్ లిస్ట్ కృతులతో ఆమె పేరు మీద వచ్చిన సీడీని ఒక శ్రోత కంప్యూటర్‌లో పెడితే, పాటలు వినిపించే ఐట్యూన్స్ ప్రోగ్రాం వేరే పియానిస్టు పేరు చూపించింది: లాస్లో సిమోన్. పోల్చి చూస్తే చాలా వరకు నిజంగానే ఆయన వాయించిందే. తర్వాత మిగతా సీడీలు కూడా తరచి చూశారు. ఒకటొకటిగా ఎందరో పియానిస్టుల రికార్డింగులు తేలాయి. కొన్నింటిని గుర్తు పట్టకుండా వేగం మార్చి మరీ వేశారు. అదే నెలలో భర్త ఒప్పుకున్నారు.

దీని మీద అప్పట్లో "విమర్శకులకు చెవులు లేవు" అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ సీడీల్లో ఉన్నది మంచి పియానిస్టులు వాయించిన మంచి సంగీతం. బాగుంది అన్నవాళ్ళు తప్పు వినలేదు. తప్పు జరిగింది "బాధలోంచి పుట్టిన లోతు" అన్న దగ్గర. ఆ లోతు శబ్దంలో లేదు, కథలో ఉంది. మోసం బయటపడటానికి దారి చూపింది విశేషణాలు కాదన్నది కూడా గమనించండి. ఐట్యూన్స్ డిస్కులను పోల్చుకునేది ట్రాకుల నిడివిని బట్టే. ఏ ట్రాక్ ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు అన్నదే తొలి ఆధారం అయింది.

ఏది విన్నామో చెప్పినట్టే, ఎలా విన్నామో కూడా చెప్పాలి. ఇది చాలామంది పట్టించుకోరు. రెండు రికార్డింగులు పోల్చేటప్పుడు కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో ఉన్నదే మనకు మెరుగ్గా అనిపిస్తుంది. రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చి వింటే అభిప్రాయం తారుమారు కావచ్చు. పాత రికార్డులతో ఇంకో చిక్కు ఉంది. చెల్లో వాద్యకారుడు పాబ్లో కజాల్స్, బాఖ్ రాసిన చెల్లో సూట్లు అనే కృతులను 1936 నుంచి 1939 మధ్య రికార్డు చేశారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత రికార్డుల నుంచి తర్వాత ఎన్నో సంస్థలు ఎల్పీలు, సీడీలు తీశాయి. గరగర శబ్దం తగ్గించడానికి గట్టిగా వడపోస్తే, దానితో పాటు తీగ మీద బో (కమాను) రాసుకునే ఆ గరుకుదనం కూడా పోతుంది. ఒకరు "కజాల్స్ నాదం మెత్తన" అంటారు, ఇంకొకరు "గరుకు" అంటారు. ఇద్దరూ గంటసేపు వాదించుకుంటారు. తీరా చూస్తే ఇద్దరి దగ్గరా ఉన్న సీడీలు వేరు! ఏ సంస్థది, ఏ ఏడాది విడుదల అన్న ఒక్క ముక్క ముందే చెప్పుకుంటే ఆ వాదనే ఉండేది కాదు.

మొదట విన్న రికార్డింగ్ చెవిలో పాతుకుపోవడం కూడా ఇలాంటిదే. దాని వేగమే సరైన వేగం అనిపిస్తుంది. "నేను పెరిగింది దీంతో" అని ఒక్క మాట కలిపితే అవతలివాళ్ళకు మన తూకం తెలుస్తుంది.

నిమిషాలు, సెకన్లు, ఎల్పీ వివరాలు... ఇదంతా పెట్టుకుంటే సంగీతంలో తడి ఆరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, వినేటప్పుడు గడియారం చూడమని నేనూ చెప్పను. ముందు మునిగిపోవాల్సిందే. బయటికొచ్చాక, ఎక్కడ మునిగామో ఇంకొకరికి చూపించాలనుకుంటే మాత్రం ఆనవాలు కావాలి. దానికి పాండిత్యం అక్కర్లేదు. ఓబో పేరు తెలియకపోతే "ముక్కుతో పాడినట్టు సన్నగా ఒక గొంతు" అంటే చాలు, వినేవాళ్ళు పట్టుకుంటారు. స్వరలిపి చదవడం రానివాళ్ళు చెప్పిన మాటల వల్ల నేను కొత్తగా విన్న చోట్లు ఎన్నో ఉన్నాయి. వాళ్ళు చెప్పింది నాకు నచ్చకపోయిన సందర్భాల్లో కూడా, ఆ చోటుకి వెళ్ళి వినడం వల్ల నాకు నష్టం జరగలేదు.

ఆ పెద్దాయనతో నా మాటలు ఇంకా పూర్తి కాలేదు. నాకు ఓబో దొరకని ఆ నాలుగో రికార్డింగ్‌లో కూడా అది ఉందని ఆయన అంటారు. వయొలిన్ల మీద దృష్టి పెట్టకుండా వాటి పక్క నుంచి వినాలట. మూడుసార్లు కూర్చున్నాను, ఇంకా దొరకలేదు. ఈసారి స్పీకర్లు వదిలేసి, ఇల్లంతా సద్దుమణిగాక హెడ్‌ఫోన్స్‌తో వింటాను.