రెండున్నరేళ్ళ పిల్లాడికి టీసీ ఇస్తారా?

ఈ వారంలో డేకేర్ నుంచి మూడో ఫోన్. "వచ్చి బాబుని తీసుకెళ్ళండి." మీటింగ్ మధ్యలో వదిలేసి పరుగెత్తాను. వాడు ఇంకో పాపని కొరికాడట. టీచర్ రిపోర్ట్ చేతికిచ్చి సంతకం పెట్టమంది. మావాడు బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నన్ను చూడగానే "అమ్మా, నీళ్ళు" అన్నాడు. పొద్దుట్నుంచి ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో! అక్కడ ఎవరికి అర్థమవుతుంది? మొన్నటిదాకా అమ్మమ్మే చూసుకుంది. ఆరు నెలలు ఉండి ఆవిడ ఊరెళ్ళిపోయింది. వాడికి వచ్చింది తెలుగొక్కటే.

ఆ పాప చేతి మీద పళ్ళగాట్లు నేనూ చూశాను. వాళ్ళమ్మకి కోపం రావడం న్యాయమే. అంతమంది పిల్లలతో వేగే టీచర్నీ నేను తిట్టను.

కానీ మేముండేది అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో. ఇక్కడ 2018 జనవరి నుంచి చట్టం ఉంది. లైసెన్సున్న డేకేర్లు ప్రవర్తన సాకుతో చిన్నపిల్లల్ని తీసేయకూడదు. తల్లిదండ్రులతో కూర్చోవాలి, ఏమేం ప్రయత్నించారో రాసిపెట్టాలి, బయటి సాయం తీసుకోవాలి. చివరికి వేరే చోటే మేలనుకున్నా, ఆ మార్పు ఒక ప్లాన్ ప్రకారం జరగాలి.

అందుకే "తీసేశాం" అని ఎవరూ అనరు. రోజూ మధ్యాహ్నానికే ఫోన్ చేస్తారు. "మీ బాబుకి ఇది సరైన చోటు కాదేమో" అని మెల్లగా అంటారు. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో మనమే మానిపించేస్తాం. కాగితం మీద తప్పు ఎవరిదీ కాదు. నా దృష్టిలో అది గెంటేయడమే.

యేల్ యూనివర్సిటీలో పరిశోధకుడు వాల్టర్ గిలియమ్ 2005లోనే లెక్క తీశారు. అమెరికాలో పెద్ద తరగతుల కంటే ప్రీకే (బడికి ముందు తరగతి) పిల్లల్నే మూడు రెట్లకు పైగా బయటికి పంపుతున్నారని అప్పట్లో తేలింది. పిల్లల ప్రవర్తన తెలిసిన నిపుణులు టీచర్లకి అందుబాటులో ఉన్న చోట అది బాగా తక్కువ. అంటే చట్టం ఒక్కటే చాలదు, టీచర్‌కి తోడు మనిషి కావాలి. 2011-12 ప్రభుత్వ లెక్కల్లో ప్రీస్కూల్ పిల్లల్లో నల్లజాతి పిల్లలు 18 శాతమే. ఒకసారి కంటే ఎక్కువ సస్పెండ్ అయినవాళ్ళలో మాత్రం 48 శాతం! తప్పంతా పిల్లలదే అయితే లెక్క ఇలా ఉంటుందా?

మన దగ్గర విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ పిల్లల్ని బడి నుంచి తీసేయొద్దంటుంది. కానీ అది ఆరేళ్ళు నిండినవాళ్ళకే. ప్లేస్కూల్ పిల్లలకి ఆ రక్షణ లేదు.

రేపు డైరెక్టర్‌తో మాట్లాడుతున్నాను. మూడు ఫోన్లకి ముందు ఏమేం ప్రయత్నించారో రాసిన కాగితం చూపించమంటాను. నేనూ ఒకటి పట్టుకెళ్తున్నాను. నీళ్ళు, వద్దు, నాది, ఆకలి. టీచర్ పలికేలా ఇంగ్లిష్ అక్షరాల్లో, పెద్దగా రాశాను.