పరువు పక్కన పెట్టి లెక్కలు బయటపెట్టండి

కొన్నేళ్లు ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేశాను. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే గుప్పున వచ్చే వాసన ఆ పని చేసినవాళ్లెవరూ మర్చిపోరు. ప్లేటు తీసి లైటుకి ఎదురుగా పట్టుకుంటాం. పలచగా పరుచుకున్న బ్యాక్టీరియా మీద చిన్న చిన్న తెల్ల బిళ్లలు, ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయాటిక్. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం ఉంటుంది. దాన్ని స్కేలుతో కొలిచి, పట్టికలో చూసి, రిపోర్టులో ఎస్ అనో ఆర్ అనో రాస్తాం. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే చేయదు.

ఒకరోజు ఒక ప్లేటు మీద వలయాలే లేవు. బిళ్లల అంచులదాకా పచ్చిక మొలిచినట్టు పెరిగిపోయింది. ఇక మిగిలింది కొలిస్టిన్, మిగతావేవీ పనిచేయనప్పుడు వాడే ఆఖరి యాంటీబయాటిక్. దానికి ఈ బిళ్ల పరీక్షని నమ్మకూడదు, విడిగా ద్రవంలో చేయాలి, ఇంకో రోజు పడుతుంది. ఈలోపు వార్డు నుంచి డాక్టర్ గారి ఫోన్. "ఒక్కటైనా మిగిలిందా మేడమ్?" రేపు చెప్తానన్నాను. రిజిస్టర్‌లో రాసుకున్నాను. నెలాఖరుకి ఆ రిజిస్టర్ అల్మారాలోకి వెళ్లిపోయింది.

మందులకి లొంగని సూక్ష్మజీవుల మీద ప్రభుత్వాలు కలిసి పోరాడాలి అని ఎవరైనా వేదికెక్కి చెప్పినప్పుడల్లా నాకు ఆ అల్మారానే గుర్తొస్తుంది.

అంకెలు మీరు చదివే ఉంటారు, వాటి మీద ఎక్కువసేపు నిలబడను. 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది నేరుగా దీనివల్లే చనిపోయారని లెక్క. 2025 నుంచి 2050 వరకు ఇలాంటి చావులు 3.9 కోట్లు ఉంటాయని, అందులో 1.18 కోట్లు దక్షిణాసియాలోనే అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా. తీర్మానాలకా, కొదవే లేదు. 2011లో జైపూర్‌లో ఆగ్నేయాసియా ఆరోగ్య మంత్రులు ఒకటి చేశారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యాచరణ ప్రణాళిక. 2016లో ఐక్యరాజ్యసమితి. 2017లో ఆసియాన్ నేతలు. 2024లో మళ్లీ ఐక్యరాజ్యసమితి, 2030కల్లా ఈ చావుల్ని 10 శాతం తగ్గిస్తామని. బాగుంది. కానీ నా ఇంట్లో ఏం పెరుగుతోందో పక్కింటివాడికి ఈ వారమే చెప్పడం అనే చిన్న పని దగ్గరికి వచ్చేసరికి అందరికీ నోళ్లు పడిపోతాయి. నా గొడవంతా ఇదొక్కటే. లెక్క చెప్తే పరువు పోతుందన్న భయం పోనంతకాలం మిగతా సహకారమంతా ఉత్త మాటే.

ఆ భయం ఊరికే రాలేదు. 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర కొత్తరకం ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా దొరికింది. అప్పటిదాకా ఆఖరి అస్త్రాలనుకున్న కార్బపెనెం మందుల్ని కూడా అది విరగ్గొడుతోంది. ఆ మనిషి అంతకుముందు ఇండియాలో ఆసుపత్రిలో ఉన్నాడు. దాంతో ఎంజైమ్‌కి న్యూఢిల్లీ పేరు పెట్టేశారు, ఎన్‌డీఎమ్-1 అని. 2010లో లాన్సెట్ వాళ్ల పత్రికలో పెద్ద వ్యాసం వచ్చేసరికి మన దగ్గర ఎంత గోలయిందో గుర్తుండే ఉంటుంది. మెడికల్ టూరిజం మీద కుట్ర అన్నారు.

పేరు గురించి కోపం న్యాయమే. 2011లో లాన్సెట్ ఎడిటర్ స్వయంగా ఆ పేరు పెట్టి ఉండాల్సింది కాదని క్షమాపణ చెప్పాడు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కొత్త జబ్బులకి ఊళ్ల పేర్లు పెట్టొద్దని నియమం రాసింది. కానీ పేరు మీద కోపంలో అసలు సంగతి కొట్టుకుపోయింది. అది మన దగ్గర ఉందా లేదా? ఉంది. ఢిల్లీ నీళ్లలోనే దొరికింది. ఈ గొడవ మొత్తం చూసిన మిగతా దేశాలు ఏం నేర్చుకుని ఉంటాయి? వెతికితే దొరుకుతుంది, దొరికితే నీ పేరు పెడతారు, కాబట్టి వెతక్కు. పరీక్ష రాయకపోతే ఫెయిలయ్యే బెంగే లేదు కదా!

దీనికి తిరగేసిన కథ కూడా ఒకటుంది. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఎమ్‌సీఆర్-1 అనే జన్యువుని బయటపెట్టారు. కొలిస్టిన్‌కి కూడా లొంగకుండా చేసే జన్యువు ఇది. పైగా చేబదులు ఇచ్చుకున్నట్టు ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి వెళ్లిపోతుంది. వాళ్లు చెప్పిన కొద్ది రోజులకే డెన్మార్క్ వాళ్లు తమ దగ్గర దాచుకున్న జన్యు వివరాల్లో వెతికారు. ఒక రోగి దగ్గర, దిగుమతైన కోడిమాంసంలో దొరికింది, ఆ మాంసం నమూనాల్లో కొన్నయితే అంతకు కొన్నేళ్ల కిందటివి! అంటే ఎవరూ చూడకుండానే అది దేశాలు తిరిగేసింది. 2017లో చైనా పశువుల మేతలో పెరుగుదల కోసం కొలిస్టిన్ కలపడం ఆపింది. ఆ తర్వాత అక్కడ పశువుల్లోనూ మనుషుల్లోనూ ఆ జన్యువు తగ్గిందని అధ్యయనాల్లో తేలింది. 2019లో ఇండియా కూడా పశువులకి కొలిస్టిన్ నిషేధించింది. ఒకరు నోరు విప్పితే ఇంత జరిగింది.

యూరప్‌లో 1998 నుంచి దేశాలు ఈ లెక్కలు పంచుకుంటున్నాయి. ఆ నెట్‌వర్క్ పేరు ఇప్పుడు ఈయార్స్-నెట్. ఏటా దేశాలవారీగా మ్యాపు వేసి అందరికీ కనిపించేలా పెడతారు. గ్రీస్‌లో రక్తం వంటి నమూనాల్లో దొరికే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలో సగానికి పైగా కార్బపెనెం మందులకి లొంగవని ప్రపంచమంతా చదువుతుంది. అయినా గ్రీస్‌కి టూరిస్టులు వెళ్లడం మానారా? లేదే.

లెక్కలు పంచుకుంటే రోగం దానంతటదే తగ్గిపోతుందని నేననడం లేదు. అదే యూరప్‌లో 2019, 2023 మధ్య ఈ రకం రక్త ఇన్ఫెక్షన్లు 50 శాతానికి పైగా పెరిగాయి. కానీ ఎక్కడ, ఎంత పెరిగిందో వాళ్లకి తెలుసు. అందుకే ఏ దేశం ఎంత తగ్గించాలో విడివిడిగా లక్ష్యాలు పెట్టుకోగలిగారు. మనం చీకట్లో బాణాలు వేస్తున్నాం.

ఇక దక్షిణాసియా సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మ్యాపులో ఇండియా, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక ఒక ప్రాంతం, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ఇంకో ప్రాంతం. జైపూర్ తీర్మానం చేసిన గదిలో పాకిస్తాన్ లేకపోవడానికి కారణం యుద్ధం కాదు, ఆ మ్యాపు! సార్క్ శిఖరాగ్ర సమావేశం జరిగి 2014తో సరి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిపోర్టు వచ్చింది. ల్యాబ్‌లో తేలిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచం మొత్తం మీద ఆరింట ఒకటి మందులకి లొంగడం లేదట. అదే మూడింట ఒకటి లొంగని ప్రాంతాలు రెండున్నాయి. ఏవో ఊహించండి. అవును, ఆ గీతకి అటూ ఇటూ ఉన్న ఆ రెండే.

2016 నవంబరులో సింధ్‌లోని హైదరాబాద్‌లో (అవును, అక్కడా ఒక హైదరాబాద్ ఉంది) కొత్తరకం టైఫాయిడ్ మొదలైంది. పాత మందులు సరే, ఇంజెక్షన్‌గా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయలేదు. నోటితో వేసుకునేవాటిలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ టైఫాయిడ్ క్రిమి ఈ. కోలై అనే ఇంకో బ్యాక్టీరియా దగ్గర్నుంచి జన్యువులు చేబదులు తీసుకుందని తర్వాత తేలింది. ప్రయాణికులతో పాటు బ్రిటన్, అమెరికా కూడా చేరింది. పాకిస్తాన్ దాన్ని దాచలేదు, అక్కడి డాక్టర్లకి ఆ మెప్పు ఇవ్వాల్సిందే. 2019లో కొత్త టైఫాయిడ్ టీకాని పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది. పేద దేశాలకి టీకాలు అందేలా చూసే గావీ సంస్థ సాయంతో అలా చేసిన మొదటి దేశం అదే. ఆ టీకా ఎక్కడ తయారైందో తెలుసా? తెలంగాణలోని హైదరాబాద్‌లో.

ఒక హైదరాబాద్‌లో రోగం, ఇంకో హైదరాబాద్‌లో మందు. మధ్యలో గావీ లాంటి అంతర్జాతీయ సంస్థ లేకపోతే ఇది జరిగేదా? ఇదే సహకారం కదా అని మురిసిపోయేవాళ్లుంటారు. కాదండీ, మాటల్లేని అన్నదమ్ముల మధ్య పెద్దమనిషి నడిపిన వ్యవహారం ఇది. పెద్దమనిషికి ఓపిక ఉన్నన్నాళ్లే నడుస్తుంది. బ్రిటన్ ఫ్లెమింగ్ ఫండ్ పేరుతో పేద దేశాల ల్యాబులకి డబ్బిచ్చేది. 2025లో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అయిపోయింది.

"ముందు జనం ఇష్టమొచ్చినట్టు మందులు మింగడం మానాలి కదా" అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లకి ముందే చెప్తున్నాను, మానాలి. కానీ ఒక్కళ్లే మానితే ఏమవుతుందో స్వీడన్‌ని అడగండి. పశువుల పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడకాన్ని 1986లోనే ఆపేసింది. 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరేటప్పుడు ఆ నిషేధం నిలుపుకోవడానికి ప్రత్యేక మినహాయింపు అడగాల్సి వచ్చింది. యూరప్ మొత్తం పూర్తిగా ఆపింది 2006లో. మంచిపనికి పక్కవాళ్లని ఒప్పించడానికి 20 ఏళ్లు!

నేనడిగేది పెద్ద శిఖరాగ్ర సమావేశం కాదు. పొరుగు ప్రభుత్వాలు ఒక్క పేజీ ఒప్పందం రాసుకోవాలి. ముందుగా చెప్పినవాడి సరుకుని ఆ కారణంతో ఆపం, వాడి దేశానికి వెళ్లొద్దని జనాన్ని భయపెట్టం, దేనికీ వాడి ఊరి పేరు పెట్టం. అంతే. రెండో పని ఇంకా చిన్నది. వలయాన్ని కొలిచాక చూసే పట్టికలు ప్రపంచంలో ముఖ్యంగా రెండున్నాయి, అమెరికాది ఒకటి, యూరప్‌ది ఒకటి. కొన్ని మందులకి ఒకే వలయం ఒక పట్టికలో ఎస్ అయితే ఇంకోదాంట్లో ఆర్. అలాంటప్పుడు ఈ దేశం శాతాన్నీ ఆ దేశం శాతాన్నీ పక్కపక్కన పెట్టి ఏం లాభం? అందుకే అక్షరాలు కాదు, మిల్లీమీటర్లు పంపండి. ఏ పట్టికతో చూసినా మిల్లీమీటరు మారదు. దీనికి వోనెట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచిత సాఫ్ట్‌వేర్ ఎప్పటినుంచో ఉంది. ఒక కంప్యూటర్, దాని ముందు కూర్చునే ఒక మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం. చివరిదే ఎవరూ ఇవ్వరు.

వలయం లేకపోతే రిజిస్టర్‌లో సున్నా రాయం. బిళ్ల వెడల్పే రాస్తాం, 6 మిల్లీమీటర్లు. ఆ రోజు నేను రాసిన వరుస ఇప్పటికీ కళ్లముందుంది: 6, 6, 6, 6, 6, 6. కొలిస్టిన్ గడి ఖాళీ, మర్నాడు నింపాను. అందులో ఏం రాశానో డాక్టర్ గారికి తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషి ఎవరూ అడగలేదు.