ఈ కప్ప ఎక్కడిది?

మొన్న ఒక సాహిత్య సభలో రొమేనియా కవుల హైకూల (మూడు లైన్ల చిట్టి కవితలు) గురించి నాలుగు ముక్కలు మాట్లాడానో లేదో, ముందు వరసలోని ఒక పెద్దాయన శాలువా సర్దుకుంటూ లేచి "రొమేనియా వాళ్ళకి హైకూ ఎందుకండీ, అది జపాన్ వాళ్ళది కదా?" అన్నారు. చప్పట్లు. ఈయనే ప్రతి సభలోనూ కళ్ళు మూసుకుని గజల్ పాడతారు. గజల్ గుంటూరులో పుట్టిందని ఆయన నమ్మకం కాబోలు. మన ఇస్మాయిల్ గారు హైకూలు రాసినప్పుడు తమరెక్కడున్నారని అడగాల్సింది, సమయానికి తట్టి చావలేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన మాటే రైటనిపించింది. దీనికో కస్టమ్స్ ఆఫీసు ఉండాల్సిందే. నల్లసముద్రం ఒడ్డున రొమేనియాలోని కాన్‌స్టాంట్సా రేవులో పెడితే బాగుంటుంది, 1992లో ఇయోన్ కొడ్రెస్కు హైకూ సంఘం పెట్టింది ఆ ఊళ్ళోనే మరి. జపాన్ పోటీకి బయల్దేరి ఓడెక్కబోతున్న హైకూని ఆపి, టేబుల్ మీద పడుకోబెట్టి, మూడు లైన్లలో ఐదు, ఏడు, ఐదు అక్షరాలే ఉన్నాయా అని అధికారి వేళ్ళు మడిచి లెక్కపెడతాడు. ఐదు, ఏడు, ఆరు! "ఒకటి ఎక్కువుంది, డ్యూటీ కట్టు." తర్వాత సంచీ విప్పిస్తాడు. "ఈ కప్ప ఎక్కడిది?" "డాన్యూబ్ డెల్టాదండీ, అక్కడ రెల్లు నిండా ఇవే." "చెల్లదు. జపాన్ మహాకవి బషో తన హైకూలో చెరువులోకి దూకించిన కప్పయితేనే పంపిస్తాం. ఈ పూలేంటి, చెర్రీయేనా?" "ప్లమ్ పూలండీ, ఆ పళ్ళతో మా ఊళ్ళో సారా కాస్తాం." "సారాయా!" అని ఇంకో ఫారం తీస్తాడు. ఊళ్ళో చౌరస్తాలో ఓవిడ్ విగ్రహం ఒకటి 1887 నుంచి తలొంచుకుని నిలబడి ఉంది. రోమ్ చక్రవర్తి వెళ్ళగొడితే ఆ మహాకవి వచ్చి పడ్డది ఇక్కడే, అప్పట్లో ఊరి పేరు తోమిస్. పరాయి ఊళ్ళో కూర్చుని లాటిన్‌లో ఏడ్చాడు కదా, అందుకు ఈయన దగ్గర కాగితాలున్నాయా? విగ్రహానికీ ఒక నోటీసు అంటిస్తారు.

సరే, సరదా చాలు. ఇలాంటి ఆఫీసు ఆ దేశంలో నిజంగానే ఉండేది. రొమేనియా నియంత చౌషెస్కు 1983లో డిక్రీ తెచ్చాడు. ఇంట్లో టైప్‌రైటర్ ఉంటే పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి, దాని మీద అక్షరాలు కొట్టి నమూనా ఇచ్చి రావాలి. రేపు ఎక్కడైనా కరపత్రం దొరికితే, ఏ ఇంటి మిషన్ మీద ఏ అక్షరం వంకరగా పడుతుందో వాళ్ళకి తెలియాలి కదా. కోతల కరెంటు, గడ్డకట్టే గదులు, బ్రెడ్డుకి క్యూలు. 1989 డిసెంబర్లో ఆ పీడ వదిలింది. మరుసటి ఏడాదే బుకారెస్టులో ఫ్లోరిన్ వాసిలియు ఒక పత్రిక మొదలుపెట్టాడు, దాని పేరు 'హైకూ'. ఇన్ని చేయాల్సినవి ఉండగా హైకూ పత్రికండీ! అక్షరం అక్షరానికీ పోలీసుకి లెక్క చెప్పుకున్న మనుషులు తమకి నచ్చిన మూడు లైన్లు రాసుకుంటే, ఏసీ హాల్లో శాలువా కప్పుకుని "మీకెందుకు" అనడానికి సిగ్గుండాలి.

జపాన్ వాళ్ళకి లేని బాధ మనకేమిటో. మైనిచీ పత్రిక పెట్టే హైకూ పోటీల్లో రొమేనియా పేర్లు మామూలైపోయాయి. అక్కడో టీ కంపెనీ కూడా 1989 నుంచి పోటీ పెట్టి, నెగ్గిన హైకూల్ని టీ సీసాల మీద అచ్చేస్తోంది.

కోపం ఆగక ఇదంతా ఆ పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను. ఓపిగ్గానే విన్నారు. కాసేపాగి, గొంతు తగ్గించి, "ఆ పోటీకి లాస్ట్ డేట్ ఎప్పుడండీ?" అన్నారు.