డొంకకూ హద్దురాయి పాతండి

పాడె మోయడానికి నలుగురు కావాలి. మాగాణి గెనెం (చేని గట్టు) మీద ఒక్కరే పడతారు. నాట్లు పడిన కాలంలో మన పల్లెల్లో చావు జరిగితే, మోసేవాళ్లు చెరో పక్క కయ్యల్లోకి దిగి, మోకాటిలోతు బురదలో కాళ్లు పీక్కుంటూ శ్మశానానికి నడుస్తారు. పైరు తొక్కారని ఆసామి కేకలేస్తాడు. ఆయన కోపమూ కాదనలేనిదే. ఆ శ్మశానానికి పోయే డొంక, అంటే చేల మధ్య ఊరుమ్మడి బాట, ఏమైందన్నదే అసలు ప్రశ్న.

గ్రామ పటం విప్పితే డొంక ఉంటుంది, బండి పోయేంత వెడల్పుతో. చేలోకి వెళ్తే ఉండదు. ఏటా ఒక సాలు ఇటునుంచి, ఒక సాలు అటునుంచి దున్నుకుంటూ వచ్చారు. మెట్టలో మిగిలిన కాస్తను చిల్లచెట్లు కమ్మేశాయి. సముద్రం వైపు పల్లెల్లో రొయ్యల చెరువు కట్ట దారికి అడ్డం నిలిచింది. గొర్రెల కాపరి రెండు మైళ్లు చుట్టు తిరుగుతున్నాడు. బడి పిల్లలు తారురోడ్డెక్కి లారీల పక్కన నడుస్తున్నారు.

చట్టం లేదా అంటే, ఉంది. 1905 నాటి భూఆక్రమణల చట్టం రోడ్లతో పాటు సందులు, బాటలు కూడా ప్రభుత్వ ఆస్తేనని రెండో సెక్షన్‌లోనే చెప్పింది. ఏడో సెక్షన్‌ కింద నోటీసిచ్చి, ఆరో సెక్షన్‌ కింద ఖాళీ చేయించే అధికారం తహసీల్దారుకు ఉంది. పట్టా భూమిలో సైతం 20 ఏళ్లు అడ్డూఆపూ లేకుండా హక్కుగా నడిచిన దారికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం రక్షణ ఇస్తుంది. అయినా సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన డొంక అర్జీ సర్వేయరు దగ్గరికీ, అక్కడినుంచి మళ్లీ తహసీల్దారు బల్ల మీదికీ తిరుగుతూనే ఉంటుంది.

ఇంగ్లండులో 1949లో చట్టం చేసి, ఊరూరా కాలిబాటలను పటాలకెక్కించారు. చేని మధ్యగా పోయే బాటను రైతు దున్నుకోవచ్చు. కానీ 14 రోజుల్లో మళ్లీ నడవడానికి వీలుగా సరిచేయాలి. సుమారు 430 కిలోమీటర్ల పెనైన్‌ వే 1965లో తెరుచుకుంది. అంత పొడవు నడక దారి కొత్తగా వేసిన రోడ్డు కాదు; చాలా మేరకు పాత బాటలనే ఒకదానికొకటి కలిపారు.

మనకూ అలాంటి దారి ఒకటి సగం సిద్ధంగా ఉంది. పెదగంజాం నుంచి కొత్తపట్నం, తుమ్మలపెంట, మైపాడు, కృష్ణపట్నం మీదుగా చెన్నపట్నం పోయే బకింగ్‌హామ్‌ కాలువ గట్టు. ధాత కరువులో (1876–78) కూలి కోసం వచ్చిన జనం చెన్నపట్నంలో తవ్విన ముక్కతో ఉత్తర, దక్షిణ కాలువలు కలిశాయి. 1878లో అప్పటి గవర్నరు పేరు పెట్టారు. బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో పోయేవి. గాలి చాలనప్పుడు పడవకు తాడు కట్టి, భుజాన వేసుకుని, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. వాళ్ల పాదాల కింద గట్టిపడ్డ దారి అది. చాలాచోట్ల గట్టు తెగిపోయింది, కాలువ పూడిపోయింది. తెగినచోట పూడ్చి, కంప కొట్టి, అక్కడక్కడా మంచినీళ్లు, నీడ పెడితే చాలు. టైల్సూ రెయిలింగులూ అక్కర్లేదు. తిరుమలకు కాలినడకన పోయే భక్తులు ఇవాళ చీకట్లో జాతీయ రహదారి అంచున ప్రాణాలు అరచేత పట్టుకుని నడుస్తున్నారు. వాళ్లకూ కొంతదూరమైనా ఊరట దొరుకుతుంది.

అయితే డొంకల సంగతి ఆగేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ప్రతి కమతానికీ కొత్త ఎల్‌పీఎం (కమత పటం) నంబరు, కొత్త హద్దు వస్తున్నాయి. ఇరుకైన డొంకను ఇరుకుగానే కొలిచి రాసుకుంటే, ఆక్రమణకు మన చేతులతోనే పట్టా ఇచ్చినట్టు. పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం)లోని వెడల్పు ప్రకారమే డొంకకు రాళ్లు పాతాలని, రీసర్వే ముగిసిన ఊళ్లలో మరోసారి సరిచూడాలని మేం కోరుతున్నాం. ప్రతి ఊరి డొంకల జాబితానూ సచివాలయం గోడ మీద అంటించాలి. కొలతకు వెళ్లే రోజున ఆ ఊళ్లో గొర్రెలు కాసిన పెద్దాయననూ, కాటికాపరినీ పిలవాలి. వాళ్లు ముందు నడవాలి, రోవరు (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరం) పట్టుకుని సర్వేయరు వెనక నడవాలి.