దివాణం చితికినా దర్జా తగ్గని ఎస్ఎల్ దొరవారికి

మహారాజశ్రీ మెర్సిడెస్ బెంజ్ ఎస్ఎల్ 500 దొరవారికి, ఆర్230 వంశం (అది కంపెనీ పెట్టిన మోడల్ కోడ్), పుట్టిల్లు జర్మనీలోని బ్రెమెన్, ప్రస్తుత మకాం టెక్సస్‌లో ఓ అద్దె గరాజు, తమ కింద దూరి చేతులు మసి చేసుకునే మెకానిక్కులు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. అంటే మేం కుశలమే. తమ సంగతి స్కానర్ పెడితేగానీ తెలీదు.

2001లో తమరు గద్దె ఎక్కారు. అమెరికా షోరూమ్‌లో తమ దర్శనం 80 వేల డాలర్ల పైమాట. ఇవాళ పాత హోండా సివిక్ కొనే డబ్బుతో తమర్ని ఇంటికి తోలుకుపోవచ్చు. పడిపోయింది తమ వెల ఒక్కటే, తమ భోజనం ఖర్చు కాదు. జమీ పోయినా జమీందారుగారికి ఉప్మాలో జీడిపప్పు పడాల్సిందే. సివిక్ ధరకి కొన్నవాడు సివిక్ ఖర్చుతో మేపుదామనుకోవడం, ఆర్నెల్లకే కళ్లనీళ్లు పెట్టుకుంటూ తమర్ని మళ్లీ అమ్మకానికి పెట్టడం, అదీ వరస.

శనివారం ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు తమర్ని చూడ్డానికొస్తున్నాడు. కప్పు తెరుచుకునే వీడియో చూసి మనసు పారేసుకున్నాడు. కప్పు పదహారు సెకన్లలో తెరుచుకుంటుంది, నిజమే. ఆ పదహారు సెకన్లు చూసి మిగతా ఇరవై ఏళ్లు చూడకపోతే ఎలా? అందుకే అతనికి చెప్పాల్సినవి తమ ఎదుటే చెప్పేస్తున్నాం. వెనకాల మాట్లాడటం మాకు అలవాటు లేదు.

మొదట తమ నడక సంగతి. పేరులో ‘ఎల్’ అంటే జర్మన్‌లో ‘లైష్ట్’, తేలిక అని. తమ బరువు 1,800 కిలోల పైచిలుకు! ఆ ఒళ్లు మలుపులో ఒరగకుండా నిలబెట్టేది ఏబీసీ (యాక్టివ్ బాడీ కంట్రోల్), అంటే నూనె ఒత్తిడితో పనిచేసే సస్పెన్షన్. అది ఉన్న బండికి ఒరగకుండా పట్టే మామూలు కడ్డీలు, యాంటీ రోల్ బార్లు కూడా ఉండవు, పనంతా నూనె ఒత్తిడిదే. ఇంజిన్ బెల్టు మీద తిరిగే పంపు సుమారు 200 బార్ ఒత్తిడి పుట్టిస్తుంది. టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది ఎనభై రెట్ల పైనే. అంత ఒత్తిడి మీద ఇరవై ఏళ్లు పనిచేసిన రబ్బరు గొట్టం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

కుర్రాడు చెయ్యాల్సింది సులువే. ముందురోజు సాయంత్రం తమర్ని చదునైన నేల మీద నిలబెట్టించి, నాలుగు చక్రాల దగ్గరా రిమ్ము మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందే మళ్లీ కొలవాలి. రెండు వారాలు కదలకుండా పడుంటే కాస్త కుంగడం సహజమే. ఒక్క రాత్రికే ఓ మూల కూలబడితే మాత్రం వాల్వ్ బ్లాకులో సీళ్లు పోయాయని అర్థం. ఐడిల్‌లో ఒళ్లంతా వణుకుతుంటే నూనె ఒత్తిడి కుదుపుల్ని మింగే నైట్రోజన్ గుండ్లలో రబ్బరు పొర చిరిగినట్టు. దాన్ని రేపూ మాపూ అంటూ వాయిదా వేస్తే ఆ చిరిగిన రబ్బరు ముక్కలే కొట్టుకెళ్లి వాల్వుల్లో ఇరుక్కుంటాయి. వందల్లో తేలే పని వేలల్లోకి వెళ్లేది ఇలాగే.

అందులో పోసే నూనె కూడా ఏదిపడితే అది పనికిరాదు. పెంటోసిన్ సీహెచ్ఎఫ్ 11ఎస్ అనే ఆకుపచ్చ నూనె కావాలి. ఎర్రగా ఉండే గేర్ నూనె పోస్తే సీళ్లు పాడవుతాయి. నూనె మార్చే తంతు చూసి తీరాల్సిందే. వర్క్‌షాపు కంప్యూటర్‌లో ‘రోడియో’ అనే పరీక్ష పెడతారు. తమరు పూనకం వచ్చినట్టు కిందికీ మీదికీ ఊగుతుంటే, ఒక గొట్టంలోంచి పాత నూనె బకెట్లోకి పడుతుంది, పైనుంచి ఒకడు కొత్తది పోస్తూనే ఉంటాడు. పది లీటర్ల దాకా మింగుతారు. ఫిల్టరు కూడా అప్పుడే మార్చాలి. డాష్‌బోర్డు మీద ‘బండి మరీ కిందికుంది, ఆపు’ అని ఎర్ర అక్షరాలొస్తే ఆపేయాలి. ఇంటిదాకా పోదాంలే అనుకుంటే నూనె లేని పంపు దారిలోనే ప్రాణం వదుల్తుంది. ఇంకో మాట, గొట్టం తెగితే తమరు ఉన్నపళంగా కూర్చుంటారు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని స్టాండ్లు లేకుండా కింద దూరేవాడికి దణ్ణం.

ఇక బ్రేకుల దగ్గరికొద్దాం. మొదట్లో వచ్చిన తమకూ, తమ తోబుట్టువులకూ ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకులు. పెడల్ తొక్కితే అది కంప్యూటర్‌కి ఓ అర్జీ పెట్టుకున్నట్టు, బ్రేకు వేసేది మాత్రం పంపు. 2004 మేలో ఈ బ్రేకుల కోసమే కంపెనీ 6,80,000 బళ్లను వెనక్కి పిలిచింది. తమాషా ఏమిటంటే, ఎన్నిసార్లు బ్రేకు వేశారో ఆ పంపు లెక్క రాసుకుంటుంది. లెక్క నిండితే పంపు బాగానే ఉన్నా సరే ‘పదవీ విరమణ’ అంటుంది. మొండికేస్తే మామూలు హైడ్రాలిక్ పద్ధతిలో ముందు చక్రాలు మాత్రమే పట్టుకుంటాయి, అదీ పెడల్ మీద ఎక్కి తొక్కితే. కాబట్టి ఆ లెక్క ఎంతకొచ్చిందో కంపెనీ సొంత తనిఖీ కంప్యూటర్ స్టార్ డయాగ్నసిస్‌లో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. ఏ బండికైనా తగిలించే ఇరవై డాలర్ల ఓబీడీ స్కానర్‌కి తమ అంతఃపుర రహస్యాలు తెలియవు. అమెరికాలో ఈ పంపుకి వారంటీని 25 ఏళ్లకు పొడిగించారు. బండి గుర్తింపు సంఖ్య (వీఐఎన్) చెప్పి డీలర్ని అడిగితే పోయేదేం లేదు.

బ్రేకు ప్యాడ్లు తానే మార్చుకుంటానని కుర్రాడు అన్నాడట. సంతోషం. కానీ తాళం తీసినా, తలుపు తెరిచినా తమరు ‘జ్‌జ్‌’ మని మేలుకుని బ్రేకులు పరీక్షించుకుంటారని అతనికి తెలుసా? అప్పుడు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో వేళ్లుంటే 150 బార్ల ఒత్తిడి వేళ్లని చూసి ఆగదు. ముందు కంప్యూటర్‌తో ఎస్‌బీసీని నిద్రపుచ్చాలి, తర్వాతే స్పానర్ ముట్టుకోవాలి.

కప్పు గురించి. కప్పు మడుచుకుని దూరేది డిక్కీలోకే, అందుకే అక్కడ సామాను తెర వేసి ఉంటేనే అది కదుల్తుంది. లేకపోతే బటన్ ఎంత నొక్కినా వినదు, మోటారు పోయిందని జనం కంగారు పడతారు. ముందు ఆ తెర లాగి చూడండి నాయనా. నిజంగా పోయేవి హైడ్రాలిక్ సిలిండర్ల సీళ్లు. కొత్త సిలిండర్ కొనక్కర్లేదు, సీళ్లు మార్చి ఇచ్చేవాళ్లున్నారు. డిక్కీలో నూనె వాసనొస్తే పంపులో నూనె మట్టం చూడాలి. రబ్బరు పట్టీలకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. ఇంట్లో ఉంది కదా అని వాజిలీన్ పూస్తే ఉబ్బి పాడవుతాయి.

అన్నిటికన్నా ముందు డిక్కీ కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడాలి. తడి తగిలిందా, బేరం అక్కడితో ఆపెయ్యడమే. టెయిల్ ల్యాంపుల సీళ్లు పోయినా, నీళ్లు జారే గొట్టాల్లో ఆకులు అడ్డుపడినా వాన నీళ్లు చేరేది అక్కడికే. పెద్ద బ్యాటరీ, ఎలక్ట్రానిక్ పెట్టెలు కాపురం ఉండేదీ అక్కడే. అన్నట్టు తమకు బ్యాటరీలు రెండు. ఇంజిన్ దగ్గర చిన్నది స్టార్టరుకి, డిక్కీలో పెద్దది మిగతా వైభోగాలకి. పెద్దది నీరసిస్తే కప్పు దగ్గర్నుంచి సీట్ల దాకా ఒక్కోటీ సమ్మె కడుతుంది. వారానికోసారి మాత్రమే బయటికి తీసేవాళ్లు చార్జర్ తగిలించి ఉంచాలి.

ఇంజిన్‌ని మాత్రం ఏమీ అనలేం. ఎం113 వీ8 బంగారం. సిలిండర్‌కి రెండు చొప్పున పదహారు స్పార్క్ ప్లగ్గులు, ఎనిమిది లీటర్ల నూనె, ఇవి వేళకి అందితే చాలు. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే ఇంజిన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించాలి, అది చవకే. ఐదు గేర్ల బాక్సు వైరింగ్ ప్లగ్‌లో ఓ-రింగులూ చవకే, వదిలేస్తే నూనె వైర్ల వెంట పాకి కంట్రోల్ యూనిట్‌లో దూరుతుంది. టైర్ల మీద తేదీ చూడాలి. చివరి నాలుగంకెలు 2314 అంటే 2014లో 23వ వారం. గాట్లు ఇంకా బాగున్నాయని పాత టైర్లే ఉంచుకుంటే అది పొదుపు కాదు, ఎండిన రబ్బరు మీద ప్రయాణం.

కొన్న వెలలో సగం చేతిలో ఉంచుకుని రమ్మని కుర్రాడికి చెప్పాం. ఏ పార్టు ముందు పోతుందో తమ చిత్తం.

ఇట్లు,
తమ గరాజు చాకిరీవాళ్లు

తా.క.: ఈ రాత్రికి తమ కింద తెల్ల అట్టముక్కలు పరిచి వెళ్తున్నాం. పొద్దున ఆకుపచ్చ మరక కనిపిస్తే ఏబీసీ, ఎర్రదైతే గేర్ బాక్సు, నల్లదైతే ఇంజిన్. అతను ఏడింటికొస్తానన్నాడు, చేతిలో టేపు తెచ్చుకుంటున్నాడు. ఎడమ వెనక మూల కాస్త నిటారుగా నిలబడండి దొరా.